హక్కునకు పూచీ యెవరిది?

మన దేశమున భూమిని కొను గృహస్థుడు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు పోయి, స్టాంపు సుంకము చెల్లించి, సాక్షులచే సంతకములు చేయించి, తన వ్రేలిముద్ర వేసి, దస్తావేజును చేతబట్టి వెలుపలికి వచ్చునప్పుడు తాను తిరుగులేని యజమానుడనైతినని తలచుట సహజమే గాని, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము నమోదు చేయునది అమ్మినవానికిని కొన్నవానికిని నడుమ జరిగిన లావాదేవీని మాత్రమే. అమ్మినవానికి ఆ భూమిపై నిజముగా హక్కున్నదా యని తేల్చు భారమును ఆ చట్టము రిజిస్ట్రారుపై మోపలేదు. తహసీలు కచేరీలోని హక్కుల రికార్డు స్థితియు ఇంతకంటె మెరుగైనది కాదు. అందలి నమోదు తప్పని రుజువగునంతవరకే ఒప్పు. ప్రభుత్వము సుంకము తీసికొనును, పాసుపుస్తకమిచ్చును, దానిపై ముద్ర వేయును. పూచీ మాత్రము పడదు. భూపరిపాలనా సంస్కరణమను మాట యెత్తిన ప్రతివారును మొదట సమాధానము చెప్పవలసినది ఈ పూచీని గురించియే.

1858లో దక్షిణ ఆస్ట్రేలియాయందు రాబర్టు టోరెన్సు చొరవతో వచ్చిన పద్ధతిని మన విధానకర్తలు చిరకాలముగా ఆదర్శముగా చూపుచున్నారు. ఆ పద్ధతిలో ప్రభుత్వ రిజిస్టరులోని పేరే తుది హక్కు. దానియందలి తప్పువలన ఎవరైన నష్టపోయినచో పరిహారమిచ్చుటకు ఒక నిధి యుండును. నీతి ఆయోగు 2020లో నమూనా చట్టము నొకదానిని రాష్ట్రములకు పంపినది. ఆంధ్రప్రదేశమున ల్యాండ్ టైట్లింగ్ చట్టము 2023 అక్టోబరు 31 నుండి అమలునకు వచ్చి, మరుసటి యేటి ఎన్నికలలో పెనువివాదమై, ప్రభుత్వము మారిన వెంటనే రద్దయ్యెను. రద్దు సమంజసమేనని నా అభిప్రాయము. రెండు సంవత్సరములలోపల ఎవరును ఆక్షేపింపనిచో నమోదు తిరుగులేనిదగునను నిబంధన చదువుకొన్నవారికి భద్రముగానే తోచునేమో గాని, కువైటుకో దుబాయికో కూలికి పోయిన కడప జిల్లా చిన్నరైతుకు ఆ గడువు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసెనో ఎవరు చెప్పుదురు? దగ్గరనున్న సివిలు కోర్టు తలుపు మూసి హైకోర్టు దారి చూపుట పేదవానికి న్యాయము చూపుట కానేరదు. అయినను రద్దుతో సమస్య తీరినదని సంతోషించువారితో నేను ఏకీభవింపను. చట్టము పోయినది గాని, అది తీర్చదలచిన లోటు ఎక్కడిదక్కడనే యున్నది. (పాసుపుస్తకము అట్టపై ఏ పాలకుని బొమ్మ యుండవలెనన్న విషయమై జరిగినంత చర్చ, లోపలి పుటలోని విస్తీర్ణము సరియైనదా యన్న విషయమై జరిగియున్నచో ఎంత మేలుగా నుండెడిది!)

తెలంగాణమున కథ వేరొక దారిని నడచినది. 2017లో భూరికార్డుల ప్రక్షాళనము జరుగగా, 2020లో వచ్చిన చట్టము 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకముల చట్టమును తొలగించి, ఆ యేటి అక్టోబరు 29న ధరణి యను భూరికార్డుల పోర్టలునకు ద్వారములు తెరచినది. పూర్వపు పహాణీలో పట్టాదారు పేరునకు తోడుగా అనుభవదారు కాలమ్ ఒకటి యుండెడిది. మోక మీద నాగలి పట్టినవాడెవడో అందు కనబడెడివాడు. సంస్కరణము పేర ఆ కాలమ్‌నే ఎత్తివేసిరి.

దాని ఫలితమెట్టిదో సాదా బైనామా రైతు నడిగినచో తెలియును. పట్వారీల కాలమున ఊరిలో ఎవరో తెల్లకాగితముపై వ్రాసియీయగా, నలుగురు పెద్దమనుషులు నిశానీలు పెట్టగా, రెండెకరముల చెలక కొన్నవాడు నాటినుండి బావి త్రవ్వి, అది యెండిన పిదప బోరు వేసి, పత్తియో మొక్కజొన్నయో పండించుకొనుచున్నాడు. అమ్మినవాడు గతించెను. పట్టా పాతపేరనే నిలిచియున్నందున వాని కుమారులు విరాసతు చేయించుకొనిరి. క్రొత్త పాసుపుస్తకము వారికి వచ్చెను. 2018లో మొదలైన రైతుబంధు సొమ్మును వారి ఖాతాలోనే పడెను. దున్నువాడు కచేరీకి పోగా, దిద్దు అధికారము తనకు లేదని తహసీల్దారు చెప్పెను. మీసేవలో దరఖాస్తు పెట్టుమని యొకరు, అది కలెక్టరు లాగిన్‌లో నున్నదని మరియొకరు, తుదకు సివిలు కోర్టుకు పొమ్మని వేరొకరు చెప్పిరి. ఇట్టి కథ వినబడని మండలము లేదు. 2020 చివరలో సాదా బైనామాల క్రమబద్ధీకరణకై వచ్చిన దరఖాస్తులే సుమారు 9 లక్షలు. లంచగొండితనమును మాన్పుదుమని ఆ సంవత్సరమే గ్రామ రెవెన్యూ అధికారి పదవిని తొలగించిరి. దానితోపాటు ఏ గట్టు ఎవరిదో ఎరిగిన ఒక్క ఉద్యోగియు ఊరినుండి తొలగిపోయెను. 2025 ఏప్రిల్ 14న అమలునకు వచ్చిన భూభారతి చట్టము అప్పీలు హక్కును మరల ఇచ్చినది, ప్రభుత్వము గ్రామమునకు అధికారిని మరల పంపినది. ఇది మెచ్చదగినదే, అయితే పోగొట్టుకొన్నదానిని తిరిగి తెచ్చుకొనుట ముందడుగని చెప్పుటకు నాకు మనసొప్పదు.

కేంద్రమును గూర్చి చెప్పవలసినది కొలదియే. భూమి రాష్ట్రముల జాబితాలోనిది. 2008లో మొదలైన రికార్డుల ఆధునికీకరణ పథకము ప్రగతిని కంప్యూటరు కెక్కిన గ్రామముల శాతముతో కొలుచుచు వచ్చినది. ఎక్కినవానిలో ఎన్ని నేలతో సరిపోలునను లెక్క దానికి ప్రధానము కాలేదు.

నేను కోరునది క్రొత్తదేమియు కాదు. ఏటేటా రెవెన్యూ అధికారి ఊరికి వచ్చి, గ్రామ లెక్కలను తనిఖీ చేసి తేల్చు జమాబందీ యను ఆచారము మనకు బ్రిటిషు వారి కాలమునుండియు నుండెను. శిస్తు వసూలు తగ్గినకొలది అది నామమాత్రమైనది. శిస్తు కొరకు కాక, హక్కు కొరకు దానిని పునరుద్ధరింపవలెను. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు, అనుభవదారు, పౌతి (వారసత్వపు మార్పు) కావలసినవారు, ఇవన్నియు పంచాయతీ అరుగుపై బిగ్గరగా చదివి, అక్కడనే ఆక్షేపణలు విని, అక్కడనే ఉత్తరువు వ్రాసి, దాని ప్రతిని ఇరుపక్షములకును ఇచ్చిన పిదపనే తెరపైని నమోదు మారవలెను. రహస్యముగా చేయు దిద్దుబాటు ఎంత వేగముగా జరిగిన నేమి? ఆ వేగము మోసగానికే ఎక్కువ ఉపయోగపడును.

చదువుట యనునది ఇంటి ఆడుబిడ్డలు వినునట్లు జరుగవలెను. సమష్టి కుటుంబపు ఆస్తిలో కూతురికి సమానహక్కు 1985లోనే ఆంధ్రప్రదేశమున వచ్చినది, 2005లో దేశమంతటను వచ్చినది; అయినను పౌతి కాగితములలో అన్నదమ్ముల పేర్లే యుండుటయు, అక్కచెల్లెండ్ర సంతకములు “మాకేమియు వలదు” అను వాక్యము క్రింద నుండుటయు కచేరీలో పనిచేసిన ఏ గుమాస్తాకైన తెలిసిన సంగతియే. కౌలుదారుని విషయము ఇంకను చిక్కైనది. ఆంధ్రప్రదేశమున 2011 చట్టము ఋణార్హత కార్డునిచ్చినది. 2019 చట్టము యజమాని సంతకము లేనిదే కార్డు లేదన్నది. యజమానుడు సంతకమునకు భయపడును. భయమునకు కారణము రికార్డుపై ఆతనికే నమ్మకము లేకపోవుట. తన పేరునకు ప్రభుత్వము పూచీ పడినచో, ప్రక్కన కౌలుదారు పేరు వ్రాయుట ఆతనికి అంత కంటకముగా నుండదు.

పూచీ యన్నచో ధనమే. రిజిస్ట్రేషనుల ద్వారా మన యిరు రాష్ట్రములును ఏటేటా వేలకోట్ల రూపాయలు రాబట్టుచున్నవి. అందు నూటికి ఒక రూపాయిని విడిగా నిలిపి, కచేరీ తప్పువలన భూమి పోగొట్టుకొన్నవానికి పరిహారమీయవచ్చును. హక్కును నిశ్చయింతుమను ఏ ముసాయిదా శాసనసభకు వచ్చినను ఆ నిధి ప్రస్తావన మొదటి ప్రకరణములోనే యుండవలెను; లేని ముసాయిదాను, అది ఏ పక్షమువారు తెచ్చినదైనను, సభ్యులు వెనుకకు పంపవలయును.