అడవి కబురు ముందుగా ఎవరికి?

న్యూఢిల్లీ:

వేసవి వచ్చిందంటే అడవుల్లో మంటల గురించి పార్లమెంటులో ప్రశ్నలు రావడం పరిపాటి. ప్రశ్న ఏ పక్షం వారు వేసినా, సమాధానం చెప్పే మంత్రి ఏ పార్టీవారైనా, అందులో ఒక వాక్యం మాత్రం చెక్కు చెదరదు. అడవుల సంరక్షణ, నిర్వహణ ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యత అన్నదే ఆ వాక్యం. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా అడవులను రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి మార్చిన సంగతి ఆ వాక్యం రాసే అధికారులకు తెలియక కాదు. అధికారం ఉమ్మడిది, మంట మాత్రం రాష్ట్రాలది అని వారి భావం కాబోలు.

ఇటీవలి సంవత్సరాల్లో ఈ పాత వాక్యం పక్కన కొన్ని కొత్త మాటలు చేరాయి. ఉపగ్రహాలు, డ్రోన్లు, పొగను పోల్చుకునే కెమెరాలు, చెట్లకు బిగించే సెన్సర్లు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యంలో 2024లో ఎత్తైన చోట అటువంటి కెమెరాను నెలకొల్పారు. వీటన్నిటిలో పాఠకుల దృష్టికి అంతగా రానిది, నా అభిప్రాయంలో అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటున్నది. సెన్సర్ చెప్పే మాటను విని, దానిని అడవి దాటించే వైర్‌లెస్ పరికరం అది. సాంకేతికులు దానిని గేట్‌వే అంటారు. మన భాషలో వాకిలి. పేరు సార్థకమైనదే. వాకిలి అన్నాక అది ఏ వైపుకు తెరుచుకుంటుందన్న ప్రశ్న ఉండనే ఉంటుంది. రాజధాని వైపుకా, అడవి అంచున ఉన్న పల్లె వైపుకా?

ముందు ఇప్పుడున్న ఏర్పాటు ఎట్లా పనిచేస్తున్నదో చూడాలి. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో మంటల హెచ్చరికలు పంపుతున్నది. హిమాలయ సానువుల్లో దేవదారు చెట్ల కింద నిప్పు రాజుకుంటే, ఆ వేడిని అమెరికన్ ఉపగ్రహం చూస్తుంది. ఆ సమాచారాన్ని హైదరాబాదుకు అనతి దూరంలోని షాద్‌నగర్ వద్ద జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం అందుకుంటుంది. అక్కడి నుంచి డెహ్రాడూన్‌కు, డెహ్రాడూన్ నుంచి ఎస్సెమ్మెస్ రూపంలో రాష్ట్ర అటవీ శాఖకు, చివరకు బీటు ఉద్యోగి జేబులోని ఫోనుకు చేరుతుంది. అల్మోరా కొండ మీది నిప్పు వార్త తెలంగాణ మీదుగా తిరిగి అల్మోరాకు వెళుతుందన్నమాట. దీనిని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. ఈ ఏర్పాటు లేనినాడు మంట సంగతి పొగ కనబడితేనే తెలిసేది. అయితే ఉపగ్రహం ఒకే చోటు మీదుగా రోజుకు కొన్నిసార్లు మాత్రమే వెళుతుంది. దాని చూపులో ఒక చుక్క అంటే ఒక రకం పరికరానికి కిలోమీటరు, మెరుగైన దానికి 375 మీటర్లు. చెట్ల నీడన ఎండుటాకుల్లో నివురు గప్పి పాకుతున్న నిప్పు ఆ చూపుకు ఆనదు. ఆనే సమయానికి అది మంట అయి ఉంటుంది.

సెన్సర్ పని అక్కడ మొదలవుతుంది. చెట్టు బోదెకు కట్టిన చిన్న పెట్టె ఆకులు కమురుతున్నప్పుడు వెలువడే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వంటి వాయువులను పసిగడుతుంది. లోరా అనే పద్ధతిలో, అత్యల్పమైన విద్యుత్తుతో, నాలుగు అంకెల పాటి సందేశాన్ని గాలిలోకి వదులుతుంది. తక్కువ మాట్లాడుతుంది గనుక దాని బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది. ఇట్లాంటి వందలాది పెట్టెల మాటలను ఒక్క గేట్‌వే వినగలదు. ఆరుబయట పది కిలోమీటర్ల నుంచి వినబడే మాట, దట్టమైన అడవిలో ఒకటి రెండు కిలోమీటర్లకే సన్నగిల్లుతుంది. పచ్చి ఆకు రేడియో తరంగాన్ని తాగేస్తుంది, కొండ అడ్డగిస్తుంది. కనుక గేట్‌వేను శిఖరం మీదనో, కాపలా మంచె మీదనో, అటవీ శాఖ వాకీటాకీల కోసం ఏనాడో నిలబెట్టిన రిపీటర్ స్తంభం మీదనో పెట్టాలి. దానికి సౌర ఫలకం కావాలి, పిడుగు నుంచి రక్షణ కావాలి, ఏనుగు తొండానికీ కోతి చేతికీ అందకుండా ఉండాలి. అన్నిటికంటె పెద్ద చిక్కు మరొకటి. అడవులు తగలబడే రోజుల్లో పొగ కమ్మి ఎండ మందగిస్తుంది. గేట్‌వేతో అసలు అవసరం పడే వారంలోనే సౌర ఫలకం సగం పని చేస్తుంది. ఆ వారానికి సరిపడే బ్యాటరీ లేకపోతే, మిగిలిన యాభై వారాలు అది చక్కగా పనిచేసి ప్రయోజనం లేదు.

చట్టం వైపు నుంచి అడ్డంకి ఏమీ లేదు. 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం లైసెన్సు లేని రేడియో పరికరం నేరమే అయినా, 865–867 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తి పరికరాలకు 2005లో మినహాయింపు ఇచ్చారు. 2021లో దానిని 868 వరకు పొడిగించారు. ఆ పాత చట్టం స్థానంలో వచ్చిన టెలికమ్యూనికేషన్ల బిల్లు 2023 డిసెంబరులో ఉభయ సభల ఆమోదం పొందింది. ఆ వారంలో ప్రతిపక్ష సభ్యులు 140 మందికి పైగా సస్పెన్షన్‌లో ఉన్నారు. దేశంలోని ప్రతి రేడియో తరంగాన్నీ శాసించే చట్టం మీద చర్చ ఏపాటిగా సాగి ఉంటుందో పాఠకులే ఊహించవచ్చు.

అసలు సంగతి గేట్‌వే అవతల ఉన్నది. గేట్‌వే తనకు తానుగా ఏమీ అర్థం చేసుకోదు. విన్నదానిని సర్వర్‌కు అందిస్తుంది. ఆ సర్వర్ ఏ బెంగుళూరులోనో, విదేశంలోనో ఉంటే, అక్కడిదాకా సెల్‌ఫోను సిగ్నలో, ఫైబరు తీగో, ఉపగ్రహ సంబంధమో కావాలి. కొండచరియ విరిగి తీగ తెగినా, టవరుకు విద్యుత్తు పోయినా సెన్సర్ అరుస్తూనే ఉంటుంది, గేట్‌వే వింటూనే ఉంటుంది, రేంజి కార్యాలయంలో మాత్రం నిశ్శబ్దం. అదే సర్వర్‌ను చిన్న పెట్టె రూపంలో రేంజి కార్యాలయంలోనే ఉంచి, నేరుగా ఒక సైరనుకు, పల్లెలోని ఒక రేడియో సెట్టుకు కలిపితే బయటి ప్రపంచంతో సంబంధం లేకపోయినా గంట మోగుతుంది. ఖర్చులో పెద్ద తేడా లేదు. తేడా అంతా టెండరు రాసే వారి ఊహలో ఉన్నది. రాజధానిలో గోడ నిండా తెర, దాని మీద ఎర్రచుక్కలు కావాలనుకుంటే ఒక రకమైన టెండరు వస్తుంది. గ్రామంలో గంట మోగాలనుకుంటే మరొక రకమైనది. మంత్రులు ప్రారంభోత్సవాలు చేయడానికి తెర అనువైనదని వేరే చెప్పనక్కరలేదు.

వార్త చేరినంత మాత్రాన మనిషి ఉండాలి గదా. 2016లో ఉత్తరాఖండ్ తగలబడి, భీమ్‌తాల్ సరస్సు నుంచి హెలికాప్టర్లు నీళ్లు మోసిన తరువాత, రేణుకా చౌదరి అధ్యక్షతన గల పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ ఏడాది డిసెంబరులో ఒక నివేదిక సమర్పించింది. దేశంలో మంటల సంఖ్య 2015లో 15,937 కాగా 2016లో 24,817కు పెరిగినట్లు అందులో చూపారు. అటవీ శాఖలో కింది స్థాయి ఉద్యోగాలు ఖాళీగా పడి ఉన్నాయని, చీర్ పైన్ చెట్ల ఎండుసూదులను ఉపాధి హామీ పథకం కింద ఏరించాలని సంఘం చెప్పింది. మన తెలుగు ఎంపీ సంతకంతో వెలువడిన ఆ నివేదికను ఇప్పుడు చదివినా నిన్ననే రాసినట్లుంటుంది. అది నివేదిక గొప్పతనమో, ప్రభుత్వాల నిర్వాకమో తేల్చుకోవడం కష్టం.

ఎనిమిదేళ్ల తరువాత, 2024 మే నెలలో అదే కథ సుప్రీంకోర్టుకు వచ్చింది. ఉత్తరాఖండ్ మంటలు ఆర్పవలసిన అటవీ సిబ్బందిని ఎన్నికల విధులకు ఎందుకు పంపారని జస్టిస్ గవాయి అధ్యక్షతన గల ధర్మాసనం నిలదీసింది. రాష్ట్రం రూ.10 కోట్లు అడిగితే కేంద్రం రూ.3.15 కోట్లే ఎందుకు విడుదల చేసిందని కూడా ప్రశ్నించింది. ఆ మరుసటి నెల, జూన్ 13న, అల్మోరా జిల్లా బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పబోయిన నలుగురు సజీవ దహనమయ్యారు. మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు. మరణించినవారిలో దినవేతన కార్మికుడూ ఉన్నాడు. నిప్పు సంగతి తెలియక వారు చనిపోలేదు, తెలిసే వెళ్లారు. గాలి ఎటు తిరుగుతున్నదో, వెనుక దారి తెరిచి ఉన్నదో లేదో చెప్పే గొంతు వారికి అవసరమైంది. గేట్‌వే నిలబెట్టే స్తంభం మీదనే గాలి వేగాన్ని కొలిచే యంత్రాన్నీ, చేతి రేడియోలకు రిపీటరునూ అమర్చవచ్చు. కబురు అడవి నుంచి పైకి పోవడమే గాక, పై నుంచి అడవిలోకి కూడా రావాలి. నేను చూసినంతలో ప్రభుత్వ ప్రకటనలలో మొదటిదాని గురించే మాట్లాడుతున్నారు.

సెన్సర్ల సంఖ్య విషయంలో కూడా కొంత వాస్తవ దృష్టి అవసరం. హెక్టారుకు ఒకటి చొప్పున లెక్క వేస్తే, సుమారు 47 చదరపు కిలోమీటర్ల బిన్సర్‌కు 4,700 కావాలి. నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 3,700 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. దానికి మూడు లక్షల డెబ్బై వేలు. ఇది జరిగే పని కాదు, జరగనక్కరలేదు కూడా. మన అడవుల్లో మంటలు తొంభై శాతానికి పైగా మనుషుల వల్లనే పుడుతున్నాయని ప్రభుత్వమే చెబుతున్నది. కనుక నిప్పు పుట్టేది రోడ్ల పక్కన, కాలిబాటల వెంట, ఊరి పొలిమేరలో, యాత్రికులు నడిచే దారుల్లో. 2014 మార్చిలో శేషాచలం తగలబడి, తిరుమల కొండల మీద హెలికాప్టర్లు తిరగవలసి వచ్చిన దృశ్యం మనవారు మరచి ఉండరు. అటువంటి దారుల వెంట రెండు మూడు వందల సెన్సర్లు, అయిదారు గేట్‌వేలు ఉంటే సార్థకమవుతాయి. అడవి నడిబొడ్డును ఉపగ్రహానికే వదిలేయవచ్చు.

మనుషుల వల్ల అన్న మాట వినగానే కొందరు అధికారుల చూపు గిరిజనుల మీదికి మళ్లుతుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాడు, తునికాకు చిగుర్ల కోసం పొదలకు నిప్పు పెట్టించే గుత్తేదారు, ఆర్పని బీడీ పారవేసిన యాత్రికుడు, ఈ ముగ్గురినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. నిఘా గురించిన భయం ఊరికే పుట్టింది కాదు. కార్బెట్ అడవుల్లో జంతువుల కోసం పెట్టిన కెమెరాలు కట్టెలకు వెళ్లే స్త్రీల స్వేచ్ఛను ఎట్లా హరించాయో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ప్రకటించిన అధ్యయనంలో వివరించారు. వాయువును పసిగట్టే సెన్సర్‌కు కళ్లు లేవు. కెమెరాకన్న దానిని నేను మెచ్చడానికి ఇది ఒక కారణం. పొగ వాసన తప్ప మనిషి ముఖం దానికి తెలియదు.

పైగా మంటను ఆర్పేది చివరకు ఆ పల్లెవారే. ఉత్తరాఖండ్‌లో వన పంచాయతీలు పదకొండు వేలకు పైగా ఉన్నాయి. వాటి చరిత్ర 1931 నాటిది. పిరూల్ అని వారు పిలిచే పైన్ సూదులను కిలో రూ.50కి కొంటామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది. సూదులు తొలగితే నిప్పుకు మేత తగ్గుతుంది. పొరుగున నేపాల్‌లో 2012 నుంచే ఉపగ్రహ హెచ్చరికలను జిల్లా అటవీ అధికారులకు ఎస్సెమ్మెస్ ద్వారా పంపే ఏర్పాటున్నది. అక్కడ కూడా కొండెక్కి కొమ్మలతో మంటను కొట్టేది సామూహిక అటవీ సంఘాల సభ్యులే. ఆ సంఘం చేతికే సైరను తాళం, గేట్‌వే బ్యాటరీ మార్చే పని, దానికి నెలనెలా కొంత వేతనం ఇస్తే ఆ యంత్రం బ్రతుకుతుంది. లేకుంటే మొదటి వానాకాలంతో దాని ఆయువు తీరుతుంది.

ఇక్కడే ఢిల్లీ లెక్కలు అడ్డు వస్తాయి. అడవి మంటల నివారణ పథకంలో కేంద్రం, రాష్ట్రాల వాటా సాధారణంగా 60:40. హిమాలయ, ఈశాన్య రాష్ట్రాలకు 90:10. యంత్రం కొనడానికి డబ్బు దొరికినంత సులువుగా, దానిని కాపాడే మనిషికి నెల జీతం దొరకదు. కొన్నది ఆస్తిగా లెక్కకెక్కుతుంది, జీతం భారంగా కనబడుతుంది. 2023–24 అగ్ని రుతువులో దేశం మొత్తం మీద ఉపగ్రహం గుర్తించిన వేడి చుక్కలు 2,03,544. అందులో ఉత్తరాఖండ్‌వి 21,033. అంతకుముందు ఏడాది అక్కడ 5,351 మాత్రమే. తరువాతి స్థానాల్లో ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. ఒకే మంట అనేక చుక్కలుగా కనబడవచ్చును గనుక ఇవి మంటల లెక్క కావు. అయినా ఆంధ్రప్రదేశ్ ఎంపీలు ఇది కొండ రాష్ట్రాల గొడవ అని ఊరుకోవడానికి వీలు లేదని మాత్రం చెబుతున్నాయి.

ఉత్తరాఖండ్‌లో అగ్ని రుతువు ఏటా ఫిబ్రవరి 15న మొదలవుతుంది. అప్పటికి పార్లమెంటు బడ్జెట్ సమావేశాల మొదటి విడత దాదాపు ముగిసి ఉంటుంది. రెండవ విడతలో శాఖల పద్దులు వస్తాయి. పర్యావరణ, అటవీ శాఖ పద్దు వంటివి అనేకం చర్చ లేకుండానే గిలటిన్ కింద ఒక్క మూజువాణి ఓటుతో గట్టెక్కడం ఇక్కడ మామూలు. ప్రశ్నోత్తరాల సమయం మాత్రం మిగులుతుంది. ఎన్ని గేట్‌వేలు నెలకొల్పారు అని అడిగితే ఒక పట్టిక వస్తుంది. పోయిన మే నెలలో వాటిలో ఎన్ని పనిచేశాయి, వాటి గంట ఏ ఊళ్లో మోగింది అని ఏ సభ్యుడైనా అడుగుతాడేమోనని నేను ఎదురుచూస్తున్నాను.