చీల చిన్నదే, చేటు పెద్దది

మన తాతలు ఇరుసుకు కందెన పెట్టారా, కడచీల గట్టిగా ఉందా అని చూసుకున్నాకే ఎద్దుల్ని కాడి కిందికి తెచ్చేవాళ్లు. ఇప్పుడు మదనపల్లె మార్కెట్టుకు టమోటా తోలే ట్రాక్టర్లను చూడండి. ఇంజనుకు ఆయిలు మారుస్తాం, టైర్లకు గాలి పట్టిస్తాం. ట్రాక్టరునూ ట్రాలీనీ కలిపే పిన్ను సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

25 కిలోల క్రేట్లు 100 ఎక్కిస్తే రెండున్నర టన్నులు. ట్రాలీ సొంత బరువు వేరే. కుప్పం వైపు ట్రాలీల్లో రాళ్లు తోలేవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. బయల్దేరినప్పుడు, బ్రేకు వేసినప్పుడు, గుంతలో పడినప్పుడు దెబ్బంతా ఆ పిన్నుకే.

తప్పు నేనూ చేశాను. పిన్ను పోతే స్లాబు కమ్మీ ముక్క దోపి నెలరోజులు నెట్టుకొచ్చాను. పుంగనూరు నుంచి లోడుతో వస్తూ మిట్ట ఎక్కుతుంటే అది కాస్తా విరిగింది. ట్రాలీ వెనక్కి జారి గట్టుకు తగిలి ఆగింది. వెనకాలే సైకిళ్ల మీద బడిపిల్లలు వస్తున్నారు. టమోటా పోతే మళ్లీ పండించుకుంటాం. ఆ పిల్లలకేమైనా అయ్యుంటే?

పిన్నూ, ట్రాలీ ముందుండే కడియమూ రాసుకొని అరుగుతాయి. గుండ్రని కంత కోలగా సాగితే ఆట పెరిగినట్టే. ఆట పెరిగేకొద్దీ దెబ్బ పెరుగుతుంది. చాలామంది అరిగినచోట వెల్డింగు నింపించి సరిపెడతారు. అది పైపూతే. మరీ అరిగిన కడియాన్ని కోసేసి కొత్తది వేయించడమే మేలు. ముందు చట్రం అతుకుల దగ్గర తుప్పు గీకి పగుళ్లు చూడాలి. పగులు కనబడితే పైపైన చుక్కలు పెట్టించొద్దు. గ్రైండరుతో అడుగుదాకా తెరిచి నింపించి, మీద పట్టీ వేయించాలి.

పిన్ను కంతకు సరిపోయే గట్టి ఉక్కుదై ఉండాలి. కింద క్లిప్పు తప్పనిసరి. తోడుగా గొలుసు కడితే, పిన్ను పోయినా అది పట్టుకుంటుంది. ట్రాలీని డ్రాబారుకే తగిలించాలి. టాప్ లింకు దగ్గర తగిలిస్తే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడే ప్రమాదముంది. డ్రాబారు మీద మనుషుల్ని కూర్చోబెట్టొద్దు.

ధర లేనప్పుడు ఈ ఖర్చెక్కడిది అంటారు కొందరు. మంచి పిన్ను, క్లిప్పు, గొలుసు కలిపినా ఒక టైరు ధరలో చిన్న ముక్క. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రాలీని కూడా వాహనంగానే లెక్కగడుతుంది. మనమే దాన్ని ఇనుపపెట్టెలా చూస్తున్నాం. టమోటా సీజను మొదట్లో ఒకరోజు మార్కెట్ యార్డు గేటు దగ్గర మెకానిక్కును కూర్చోబెట్టి పిన్నులూ గొలుసులూ చూపించే ఏర్పాటు చేయాలి. జరిమానా వేయడానికి కాదు, చెప్పి పంపడానికి.

అందాకా ఆగనక్కరలేదు. రేపు తెల్లారి లోడెత్తే ముందు ఒక్కసారి వంగి చూడండి.