సూది దాకా వచ్చినవారి లెక్క

మూత్రంలో తగ్గని నురగ, పొద్దున్నే కళ్ల చుట్టూ ఉబ్బు, సాయంత్రానికి పాదాల వాపు. ఈ మూడూ కలిసి వస్తే, ఒక్కో కిడ్నీలో పది లక్షల దాకా ఉండే గ్లొమెరులస్ వడపోత గుచ్ఛాలు దెబ్బతిన్నాయని నెఫ్రాలజిస్టు అనుమానిస్తారు. ఏ జబ్బన్నది చాలాసార్లు కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీసి చూసే బయాప్సీలోనే తేలుతుంది.

ఆ సూది అందరికీ గుచ్చరు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే మినిమల్ చేంజ్ జబ్బు స్టెరాయిడ్లకు లొంగుతుంది కాబట్టి ముందు మందే ఇస్తారు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారికీ బయాప్సీ అరుదే. అందుకే ఆసుపత్రులు ప్రచురించే బయాప్సీ పట్టికల్లో ఈ రెండూ ఉన్నదానికంటే చిన్నవిగా కనిపిస్తాయి.

ఎప్పుడు పరీక్షించారన్నదీ లెక్కను మారుస్తుంది. 1968లో పారిస్ వైద్యులు బెర్జె, ఇంగ్లే వర్ణించిన ఐజీఏ నెఫ్రోపతి అనే గ్లొమెరులస్ జబ్బునే చూడండి. జపాన్‌లో 1974 నుంచి బడిపిల్లలకు ఏటా మూత్రపరీక్ష చేస్తున్నారు. అక్కడ జబ్బు ఏ బాధా లేని దశలోనే దొరుకుతుంది. మన దగ్గర చాలామంది బీపీ ముదిరి, రక్తంలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగాకే వస్తారు. రెండు చోట్లా జబ్బు స్వభావంలో తేడా లేదని కాదు, కానీ కనిపించే తేడాలో ఆలస్యం కూడా కలిసిపోతోంది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానానిది ఇంకో తీరు. అక్కడ ప్రధానంగా చెడేది గ్లొమెరులస్‌లు కావు, వాటి తర్వాత ఉండే నాళికలూ చుట్టూ ఉన్న కణజాలమూ. మూత్రంలో నురగ తెప్పించే ప్రోటీన్ పెద్దగా పోదు, వాపూ అంతగా కనబడదు. నురగ కోసం ఎదురుచూస్తే ఆ రోగి దొరకడు. రక్తంలో క్రియాటినిన్ చూడాల్సిందే.

పట్టికలో కొత్త వరుస చేరితే ఏమవుతుందో కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్ చూపింది. 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా అక్కడి వైద్యులు గుర్తించిన 22 మెంబ్రేనస్ నెఫ్రోపతి (ఇదీ గ్లొమెరులస్ జబ్బే) కేసుల్లో 15 నెల్-1 అనే ప్రోటీన్‌తో ముడిపడిన రకానివి. సాధారణంగా అరుదైన రకం ఒకచోటే ఇన్ని రావడంతో ఆరా తీస్తే, ఆ 15 మందిలో 13 మంది చర్మం తెల్లబడే క్రీములు రాసుకున్నవారే. అనుమానం క్రీముల్లోని పాదరసం మీదికి వెళ్లింది. క్రీము మానేశాక చాలామంది కోలుకున్నారు. ఈ చిక్కుముడి విప్పింది ల్యాబ్ ఒక్కటే కాదు, ముఖానికి ఏం రాస్తున్నారన్న ప్రశ్న కూడా.

2023లోనే కేరళ ఔషధ నియంత్రణ శాఖ ‘ఆపరేషన్ సౌందర్య’ పేరుతో సౌందర్య సాధనాల మీద దుకాణాల్లో తనిఖీలు చేసింది. 2020 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కంటి అలంకరణ సామగ్రి తప్ప మిగతా సౌందర్య సాధనాల్లో అనుకోకుండా చేరే పాదరసం పది లక్షల్లో ఒక వంతు మించకూడదు. తయారీదారు పేరే లేని డబ్బాకు ఆ నిబంధన ఎవరు చదివి వినిపించాలి?