సరిహద్దు దగ్గర ఆగిపోతున్న దేశాభివృద్ధి

సాంకేతిక విశ్వవిద్యాలయాలే దేశాభివృద్ధికి చోదకశక్తి అన్న మాటను స్నాతకోత్సవ వేదికల మీద ఏటా వింటూనే ఉన్నాము. ఆ మాటలో అసత్యమేమీ లేదు. 1951లో ఖరగ్‌పూర్‌లో తొలి ఐఐటీ ఆరంభమైన నాటి నుంచి ఈ దేశపు ఆనకట్టల వెనుక, ఉక్కు కర్మాగారాల వెనుక, విద్యుత్ కేంద్రాల వెనుక సాంకేతిక విద్యాలయాలలో చదివినవారి శ్రమ ఉన్నది. నా అభ్యంతరం ఆ మాటతో కాదు, అందులో చెప్పకుండా వదిలివేసిన భాగంతో. అభివృద్ధి చెందవలసిన ఆ దేశంలో మన పిల్లలకు చోటున్నదా? ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఇంజనీరింగ్ తరగతిలో ఆంగ్లం, ఇలా మూడు మెట్లు ఒంటరిగా ఎక్కవలసిన ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ పిల్లలను ఏ విశ్వవిద్యాలయం తనవారుగా లెక్కవేసుకున్నది?

మన చరిత్రను ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు నాందేడ్ జిల్లాలోని ముధోల్, భైంసా, కుబీర్, బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్ తాలూకా, ఇస్లాపూర్ సర్కిల్ ఇటు వచ్చాయి. భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డాయన్నారు. కాని ఏ గీత గీసినా దానికి ఇరువైపులా రెండు భాషల ఇళ్లూ మిగిలిపోతాయి. అట్లా ఇవతల మిగిలిన ఇళ్లే మనవి. 2011 జనాభా లెక్కల ప్రకారం మహారాష్ట్రలో తెలుగు మాతృభాషగా గలవారు 13 లక్షల పైచిలుకు. ఇది విస్మరించదగిన సంఖ్య కాదు.

ఆ గీత నేటికీ మన పిల్లల చదువును ఎట్లా కోస్తున్నదో చూడండి. 2008లో చట్టం ద్వారా ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణాలలో ఒకటి బాసరలో వెలసింది. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని ఆరేళ్లలో ఇంజనీర్లను చేయడం దాని ఆశయం. ఆ బాసర ఉన్న ముధోల్ ప్రాంతం 1956 వరకు నాందేడ్ జిల్లాలోనిదే. ధర్మాబాద్ నుంచి గోదావరి గట్టు వెంట కూతవేటు దూరం. అయినా 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లను స్థానికులకు ప్రత్యేకించింది. మన బిడ్డ స్థానికుడు కాడు. ఆ ఉత్తర్వును నేను తప్పుపట్టను. అది అక్కడి వెనుకబాటు వేదన నుంచి పుట్టిన రక్షణ. కాని అక్కడ పరాయివాడైన బిడ్డ ఇక్కడైనా సొంతవాడు కావాలి గదా!

ఇక్కడ సంస్థలు లేకపోలేదు. విష్ణుపురిలో శ్రీ గురు గోవింద్ సింగ్‌జీ ఇంజనీరింగ్ సంస్థ 1981 నుంచి ఉన్నది. 1994 సెప్టెంబరు 17న స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం ఏర్పడింది. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రజలను ఒకే పోరాటంలో నడిపిన మహనీయుని పేరు అది. రాయగఢ్ జిల్లా లోణేరెలోని డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి 2014 చట్టం రాష్ట్రమంతటా అధికార పరిధినిచ్చింది. రాజ్యాంగమూ మౌనంగా లేదు. 371(2) అధికరణం విదర్భ, మరాఠ్వాడా, తక్కిన మహారాష్ట్రల మధ్య సాంకేతిక విద్యావకాశాలు న్యాయంగా పంపిణీ కావాలని స్పష్టంగా పేర్కొన్నది. 1984లో దాండేకర్ కమిటీ లెక్కకట్టిన ప్రాంతీయ లోటుల్లో సాంకేతిక విద్య కూడా ఒకటి. ఆ అధికరణం కింద 1994లో ఏర్పడిన అభివృద్ధి మండళ్ల గడువు 2020 ఏప్రిల్ 30తో ముగిసింది. లోటు మాత్రం ముగియలేదు.

ఆ లోటులో ఎవరూ లెక్కకట్టని పద్దు ఒకటున్నది. అది భాష. 2021 నుంచి జేఈఈ మెయిన్ పరీక్షను 13 భాషల్లో నిర్వహిస్తున్నారు. వాటిలో తెలుగు ఉన్నది. మనమూ సంతోషించాము. కాని నిబంధన చదివితే ఆ సంతోషం ఆవిరైపోతుంది. తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలకే పరిమితం. నాందేడ్ కేంద్రంలో కూర్చున్న తెలుగు విద్యార్థికి అది దొరకదు, గోదావరి దాటిపోవలసిందే. రాష్ట్ర ప్రవేశపరీక్షలో మరాఠీకి, ఉర్దూకు చోటున్నది, తెలుగు ఊసే లేదు. అదే 2021లో ఏఐసీటీఈ ఎనిమిది భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అనుమతినిచ్చింది. తెలుగు, మరాఠీ రెండూ ఆ జాబితాలో ఉన్నవి. ఆ రెండు భాషలూ ఒకే వీధిలో వినిపించే మన జిల్లాకు దానివల్ల ఒరిగిందేమిటి?

"సాంకేతిక శాస్త్రానికి భాషతో పనేమిటి? ఎటూ ఆంగ్లమే గదా" అని పెదవి విరిచేవారున్నారు. ఆంగ్లం వద్దని మనము ఏనాడూ అనలేదు. మరాఠీతోనూ మనకు పేచీ లేదు. అది మన పిల్లలు పలకమీద దిద్దిన భాష. మన ప్రశ్న ఒక్కటే. భావం అర్థం కాకముందే పదాన్ని బట్టీపట్టించే చదువు ఇంజనీరును తయారు చేస్తుందా, గుమాస్తానా? ఒక్క ఏడాది చేయూతనిస్తే నిలదొక్కుకోగల బిడ్డను మొదటి సంవత్సరంలోనే తప్పించి ఇంటికి పంపడం దేశానికి లాభమా? నా వద్దకు వచ్చే తల్లిదండ్రులలో అనేకులు తమ బిడ్డకు తెలివి చాలలేదని తలవంచుకొని చెబుతారు. చాలనిది తెలివి కాదు, వ్యవస్థకు గల ఓపిక.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని తలచుకోండి. తెలుగింటి బిడ్డ, మైసూరు సంస్థానంలో పుట్టినవాడు. ఆ సంస్థానపు ఆర్థిక సహాయంతో పూనా వచ్చి ఇంజనీరింగ్ చదివి 1883లో పట్టా పొందారు. 1903లో పూనా దగ్గరి ఖడక్‌వాస్లా ఆనకట్టకు ఆయన రూపొందించిన స్వయంచాలక తలుపులు అమర్చారు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తినప్పుడు వరద నివారణకు పథకం రచించినదీ ఆయనే. ఒక రాజ్యం డబ్బిచ్చింది, మరొక రాజ్యం చదువు చెప్పింది, మూడవ రాజ్యం ఫలం పొందింది. పరపాలనలో సాధ్యమైనది స్వతంత్ర భారతంలో అసాధ్యమా?

సరిహద్దు ఇంజనీరు అవసరం నేటికీ మన కళ్లెదుటే ఉన్నది. ధర్మాబాద్ తాలూకాలోని బాబ్లీ బ్యారేజీపై రెండు రాష్ట్రాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2013 ఫిబ్రవరి 28 తీర్పు ప్రకారం ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు తలుపులు తెరిచి ఉంచాలి. పైగట్టు రైతు గోడు మరాఠీలో, దిగువ రైతు గోడు తెలుగులో విని, నీటి లెక్క రెండు భాషల్లోనూ వివరించగల ఇంజనీర్లు ఎక్కడ పుడతారు? మన ఇళ్లలో కాదా!

కనుక మన కోర్కెలు స్పష్టం. నాందేడ్ పరీక్షాకేంద్రంలో జేఈఈ తెలుగు ప్రశ్నపత్రం ఇవ్వాలి. రాష్ట్ర ప్రవేశపరీక్షలోనూ సరిహద్దు జిల్లాల వరకైనా తెలుగుకు చోటు కల్పించాలి. జిల్లాలోని సాంకేతిక విద్యాసంస్థలు మొదటి ఏడాది తెలుగు, మరాఠీ విద్యార్థులకు వారధి తరగతులు నడపాలి. ఏఐసీటీఈ అనువదింపజేసిన పాఠ్యపుస్తకాలను రెండు భాషల్లోనూ గ్రంథాలయంలో ఉంచాలి. బాసరలో సరిహద్దు తెలుగు విద్యార్థులకు స్థానికుల ఫీజుతోనే కొన్ని అదనపు సీట్లను తెలంగాణ ప్రభుత్వం మంజూరు చేయాలి.

కోరడంతోనే మన బాధ్యత తీరదు. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం భాషా అల్పసంఖ్యాకులను రాష్ట్రం ప్రాతిపదికగా నిర్ణయించాలని తేల్చింది. అంటే మహారాష్ట్రలో మనము 30వ అధికరణం వర్తించే అల్పసంఖ్యాకులము. వృత్తివిద్యా కళాశాలలు స్థాపించుకొనే హక్కు మనకున్నది. ముంబైలో సింధీలు థడోమల్ షహానీ ఇంజనీరింగ్ కళాశాలను, గుజరాతీలు ద్వారకాదాస్ సంఘ్వీ కళాశాలను ఆ హోదాతోనే నడుపుకుంటున్నారు. వారికి సాధ్యమైనది మనకెందుకు కాలేదని ప్రతి తెలుగు సంఘమూ తన సర్వసభ్య సమావేశంలో ప్రశ్నించుకోవాలి.

అంతవరకు ప్రతి కుటుంబమూ ఒక పని చేయవచ్చు. బిడ్డను తెలుగు చదువు కోసం అవతలి రాష్ట్రానికి పంపినవారు మహారాష్ట్ర డొమిసైల్ పత్రం ముందే తీసుకోండి. పదవ తరగతి, పన్నెండవ తరగతి బయట చదివినా తల్లి లేదా తండ్రి డొమిసైల్ ఆధారంగా ఇక్కడి ఇంజనీరింగ్ ప్రవేశాలకు అర్హత లభిస్తుంది. ఆ కాగితం లేక దరఖాస్తు ఆగిపోయిన తరువాత ఏ వకీలు వాదించినా ఆ ఏడాది తిరిగి రాదు. హక్కు పుస్తకంలో ఉంటే చాలదు, చేతిలో ఉండాలి.