మందిరం మెట్టెక్కితే మాల మాదిగలం కాకుండా పోతామా?

ఊరికి గుడి ఉంది, చావిడి ఉంది, రచ్చబండ ఉంది. వాడకేముంది? ఒక ప్రార్థన మందిరం. మొదట తాటాకు పాక, ఆ తర్వాత పెంకులు, ఇప్పుడు రేకులో స్లాబో. ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి, కూలి డబ్బులోంచి రూపాయి తీసి మన ఆడోళ్లు నిలబెట్టిన కట్టడం అది. ఊరి బడి గడప తొక్కనివ్వని రోజుల్లో మన తాతలు చాలాచోట్ల అ ఆలు దిద్దింది ఆ పాకలోనే.

గోధుమపిండికి, పాలపొడికి మతం మారారని నవ్వే పెద్దమనుషులకు ఒక సంగతి చెప్పాలి. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు పట్టి మాదిగలకు కూలి చూపించాడు. కూలి కోసం కలుస్తున్నారనే మాట పడకూడదని ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. పని అయిపోయాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. గింజల కోసమే అయితే, గింజలు అయిపోయాక ఎందుకొచ్చినట్టు?

ఇక సర్కారు సంగతి. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మంచిదే. మరి మందిరానికి పోయే మాల మాదిగ? మన దగ్గర వాణ్ణి బీసీ-సిలో పడేశారు, వాటా ఒక్క శాతం. అందుకే ఇవాళ మన బిడ్డకు రెండు పేర్లు, ఆదివారం ఒకటి, ఎమ్మార్వో ఆఫీసులో ఇంకొకటి. దేవుడి దగ్గర దాచనిది గుమాస్తా దగ్గర దాచుకోవాల్సిన గతి ఎవరు పట్టించారు?

కారంచేడు తలుచుకోండి. 1985 జూలై 17. చెరువు నీళ్లు పాడు చెయ్యొద్దన్నందుకు కొట్టబోతే బిందె ఎత్తి ఎదురు నిలిచిన మాదిగ ఆడమనిషి పేరే సువార్త! గొడ్డళ్లు, బరిసెలు పట్టుకుని వెంటాడిన భూస్వాములు నువ్వు ఏ మతమని ఎవరినైనా అడిగారా? ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాల పారిపోయి తలదాచుకుంది చర్చి ఆవరణలో. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిది మందిని నరికితే, బతికినవాళ్లకు తెనాలిలో నీడనిచ్చింది సాల్వేషన్ ఆర్మీ ఆవరణ.

అదే 1985 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఏమందో తెలుసా? మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టే సూసై, హిందూ చర్మకారులకు ఇచ్చిన బంకు తనకెందుకివ్వరని అడిగాడు. మతం మారాక కూడా ఆ కులబాధ అంతే తీవ్రంగా ఉందని రుజువేదీ అంది కోర్టు. రుజువు! అప్పటికి కారంచేడు నెత్తురు పారి మూడు నెలలు కూడా కాలేదు.

మూడో పేరా తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ అంటూ ఇంకొకటి వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఓట్లప్పుడు మన మందిరాలకొచ్చి తలొంచి ప్రార్థన చేయించుకునే నాయకుల్ని అడగండి, ఆ తీర్మానం ఏమయిందని.

అట్లాగని మన ఇల్లు శుభ్రంగా ఉందా? ఒకే ఊళ్లో మాలలకో మందిరం, మాదిగలకో మందిరం! మిషన్లు పంచుకున్న పల్లెల్ని మనం ఇంకా అట్లాగే పంచుకుని కూర్చున్నాం. మాదిగ సంఘకాపరి మాలపల్లెలో రొట్టె విరిస్తే ఎంతమంది చెయ్యి చాపుతారు? కోర్టు అడిగిన రుజువు మన బల్ల మీదే ఉంది, సిగ్గుపడుతూనైనా చూపిద్దాం.

వాడ పిల్లలారా, సంఘ పెద్దలారా! వారానికి ఒక్కపూట తెరిచి ఆరు రోజులు తాళం వేసే మందిరం మనకెందుకు? తాళం తియ్యండి. సాయంత్రం పిల్లలకు బడి పెట్టండి. అట్రాసిటీ కేసు కాగితం, కూలి లెక్క అక్కడే చదివి వినిపించండి. పక్క గూడెం మందిరం వాళ్లనూ పిలవండి, వాళ్లు రాకపోతే మీరే పోండి. మూడో పేరా మీద సంతకాలు ఆ రెండు మందిరాల్లోనూ ఒకే ఆదివారం మొదలుపెట్టండి.