మెయిన్ ప్లాంటు గేటు ఒక్కటే చూడకండి

బెంగళూరు రోడ్డు మీద, పెనుకొండ దగ్గర ఎర్రమంచి రాగానే బస్సులో కుర్రాళ్లు ఫోన్ పక్కన పెట్టి కిటికీలోంచి చూస్తారు. కియా ప్లాంటు. వాన రాని ఏడు వేరుశనగ ఎండిపోతే సంచి సర్దుకుని ఊరు వదలడమే తెలిసిన ప్రాంతం మనది. అక్కడికి గొల్లపల్లి రిజర్వాయర్ నీళ్లొచ్చాయి, 2017లో ఒప్పందం కుదిరింది, 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. ఆ గేటు మీద మీకు ఆశ ఉండటంలో తప్పేమీ లేదు.

నాకూ ఉండేది. కానీ మెకానికల్ చదివాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో, క్వాలిటీ విభాగంలో. "కియాలోనేనా అప్పా?" అని అడిగాడు మా మామ. "కాదు మామా, కార్లకు పార్టులు చేసే కంపెనీ" అన్నాను. "ఓ... సరేలే" అన్నాడు. ఆ 'సరేలే' చాలా రోజులు గుచ్చుకుంది. వెండర్ కంపెనీ ఆఫర్ వచ్చినా చెప్పుకోవడానికి నామోషీ పడేవాళ్లు మీ క్లాసులోనూ ఉంటారు. వాళ్లకు ఒక కారు కథ చెప్పాలనిపించింది.

ఆ కారు జాగ్వార్ ఎక్స్‌జే. 2008 నుంచి మన టాటా వాళ్ల చేతిలో ఉన్న కంపెనీదే. బ్రిటన్‌లో దీన్ని లగ్జరీ సెలూన్ అంటారు (మనకు సెలూన్ అంటే కటింగ్ షాపు, మనం సెడాన్ అంటాం). 1968లో వచ్చింది, 2019లో ఆగిపోయింది. మధ్యలో యజమానులు మారారు, ఇంజిన్లు మారాయి, బాడీ లోహమే మారింది.

1968 ఎక్స్‌జే6 రూపం కంపెనీ స్థాపకుడు విలియం లయన్స్ పర్యవేక్షణలో తయారైంది. ఆయన ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్న మనిషి కాదు, కంటితో చూసి గీతలు సరిచేయించేవాడు. అందం ఆయనది. కానీ లోపల కూర్చున్నవాళ్లకు రోడ్డు మోత వినపడకపోవడం బాబ్ నైట్ అనే ఇంజినీర్ పట్టుదల వల్ల. సస్పెన్షన్‌ని నేరుగా బాడీకి బిగించకుండా సబ్‌ఫ్రేముల మీద ఉంచి, మధ్యలో రబ్బరు మౌంట్లు పెట్టారు. ఆ రబ్బరు మరీ గట్టిదైతే శబ్దం లోపలికొస్తుంది, మరీ మెత్తనైతే మలుపుల్లో కారు ఊగుతుంది. అంత ఖరీదైన కారులో సుఖం కాస్త రబ్బరు మీద ఆధారపడింది!

నేను మొదటి ఆరు నెలలు చేసిన పని అదే. వచ్చిన రబ్బరు బుష్‌ల కాఠిన్యం డ్యూరోమీటర్‌తో కొలిచి రాసుకోవడం. బోర్ కొట్టేది, దాచడమెందుకు. ఒకరోజు ఒక లాటు రీడింగ్ హద్దు దాటింది. ఆపమన్నాను. "రెండు పాయింట్లే కదా, పంపెయ్" అన్నాడు సూపర్‌వైజర్. ఆ రెండు పాయింట్లు కారులో ఏం చేస్తాయో అప్పటికి నాకు తెలియదు. గట్టిగా వాదించలేకపోయాను.

ఎక్స్‌జే కూడా ఇలాంటి చోటే దెబ్బతింది. 1970ల్లో జాగ్వార్ బ్రిటిష్ లేలాండ్ కింద ఉన్నప్పుడు కారు అందంగానే ఉంది, ఇంజిన్ బాగానే ఉంది. కానీ నమ్మకం లేని బండి అని, ముఖ్యంగా అమెరికాలో, పేరు పడిపోయింది. 1980లో జాన్ ఈగన్ అధిపతిగా వచ్చి ఫిర్యాదులన్నీ విడదీసి చూస్తే, చాలా లోపాలు బయటి నుంచి కొన్న పార్టుల్లో తేలాయి. సరఫరాదారులను కూర్చోబెట్టి, మీ పార్టు పాడైతే వారంటీ ఖర్చు మీరే భరించాలన్నాడు. చూడండి, కొత్త కారు తేలేదు. 1968 నాటి కారునే సరిదిద్ది 1979లో తెచ్చిన మోడల్, పినిన్‌ఫరీనా వాళ్లు పైకప్పు మార్చిన సిరీస్ 3, దాన్నే నమ్మదగిన బండిగా చేసి అమ్మారు. 1984కల్లా కంపెనీ ప్రభుత్వం చేతి నుంచి బయటపడి షేర్ మార్కెట్‌కి వెళ్లింది. ఆ లెక్కన కంపెనీని నిలబెట్టిన వాళ్లలో పేరు తెలియని పార్టుల తనిఖీదారులకూ వాటా ఉందనే నేనంటాను.

తర్వాతి మోడల్ ఎక్స్‌జే40 కథ వింటే నవ్వొస్తుంది. లేలాండ్ పెద్దలు రోవర్ వీ8 ఇంజిన్ తెచ్చి తమ కారులో పెట్టేస్తారేమోనన్న భయంతో జాగ్వార్ ఇంజినీర్లు, అది పట్టకుండా ఇంజిన్ చోటు ఇరుకు చేశారంటారు. తీరా 1986లో ఆ కారు బయటికొచ్చేసరికి లేలాండ్ బాధ పోయింది. కానీ తమ సొంత వీ12 కూడా అందులో పట్టలేదు. పాత సిరీస్ 3నే వీ12 కోసం 1992 దాకా తయారు చేసి, 1993లో కొత్తదాని ముందు భాగం మార్చుకోవాల్సి వచ్చింది. ఆఫీసు రాజకీయాల గురించి మీకు ఏ కోచింగ్ సెంటరూ ఇంతకంటే బాగా చెప్పలేదు.

2003 మోడల్ దగ్గర మాత్రం నోట్స్ రాసుకోండి. బాడీ మొత్తం అల్యూమినియం. పాత బాడీ కంటే దాదాపు 40 శాతం తేలిక అని కంపెనీ చెప్పింది. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర ఉంటుంది, వేడినీ కరెంటునూ త్వరగా లాగేస్తుంది, అందుకే ఉక్కులా సులువుగా స్పాట్ వెల్డింగ్ కుదరదు. దాంతో విమానాల తయారీ తరహాలో రివెట్లు, జిగురు కలిపి అతికించారు. విచిత్రమేమిటంటే, రూపం పాతదానిలాగే ఉండటంతో చాలామందికి అందులో కొత్తేమీ కనపడలేదు. 'ఉక్కు బదులు అల్యూమినియం వాడితే జాయింట్ల సంగతేంటి?' అన్న ప్రశ్నకు ఇంటర్వ్యూలో ఈ నాలుగు వాక్యాలు చెప్పగలిగితే, 20 ఆన్‌లైన్ సర్టిఫికెట్ల కంటే ఎక్కువ పనికొస్తాయి.

2019లో ఎక్స్‌జే ఉత్పత్తి ఆపి ఎలక్ట్రిక్ ఎక్స్‌జే తెస్తామన్నారు. 2021 ఫిబ్రవరిలో దాన్నీ రద్దు చేశారు. అంటే పెద్ద కంపెనీ గేటు లోపల ఉన్నా మీరు పనిచేసే కారు ఉంటుందన్న హామీ లేదు. జాయింట్ ఎలా చేయాలో, రబ్బరు ఎందుకు విఫలమవుతుందో తెలిసినవాడికి ఇంకో కారు దొరుకుతుంది.

"అన్నా, వెండర్ కంపెనీల్లో జీతం తక్కువ, కాంట్రాక్టు కింద తోసేస్తారు" అంటారు. నిజమే, చాలాచోట్ల అంతే. నేనూ రెండేళ్లు చాలీచాలని జీతంతో నెట్టుకొచ్చాను. అందుకే కళ్లు మూసుకుని చేరమనడం లేదు. చేరేముందు అడగండి: నేను కంపెనీ రోల్స్ మీదా, కాంట్రాక్టర్ కిందా? పీఎఫ్ ఎవరు కడతారు? ట్రైనీ కాలం ఎన్ని నెలలో ఆఫర్ లెటర్లో రాసి ఇస్తారా? లోపం వస్తే కారణం వెతికే 8డీ రిపోర్టులో నన్ను కూర్చోబెడతారా, లేక డబ్బాలు లెక్కపెట్టే పనేనా? చివరి ప్రశ్నకు హెచ్‌ఆర్ తడబడితే, షాప్ ఫ్లోర్ ఒకసారి చూపించమని అడగండి. రిజెక్ట్ అయిన పార్టులు పెట్టే ఎర్ర డబ్బా ఎక్కడుందో, దాని మీద కారణం రాసి ఉందో లేదో చూసి రండి.