ఇల్లు విడిచే స్వేచ్ఛ, ఇల్లనిపించుకునే హక్కు

పిల్లలు చదువుల కోసం, ఉద్యోగాల కోసం దూరప్రాంతాలకు తరలిపోయిన పిదప, నాలుగు గదుల ఇంటిలో ఇద్దరు వృద్ధులు మాత్రమే మిగిలిపోవడం నేడు మన కుటుంబాలలో సాధారణమైపోయింది. అటక మీద ఇత్తడి గుండిగలు, పెండ్లినాటి పందిరిమంచం, ఏళ్ల తరబడి ఎవరూ విప్పని పరుపుల మూటలు అలాగే ఉంటాయి. ఊడ్చి తుడిచే ఓపిక మాత్రం తగ్గిపోతుంది. “ఇద్దరికి ఇంత ఇల్లు, ఇంత సామాను ఎందుకు?” అన్న ప్రశ్న అప్పుడు తలెత్తుతుంది. అది మంచి ప్రశ్న. కానీ దానికి జవాబు చెప్పుకునే ముందు ఆలోచించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

అమెరికాలో కొందరు ఈ ప్రశ్నకు చక్రాల మీద జవాబు వెతుక్కుంటున్నారు. ఉన్న ఇల్లు అమ్మివేసి, వంటగది, పడక, స్నానాల గది అన్నీ అమర్చిన పెద్ద వాహనాన్ని కొనుక్కొని, ఏడాది పొడవునా అందులోనే నివసిస్తారు. దానిని వారు ఆర్.వి. అంటారు. ఈ జీవనానికి సిద్ధం కావడం తేలిక కాదు. ప్రతి వాహనానికీ తయారీదారు నిర్ణయించిన బరువు పరిమితి ఒకటి ఉంటుంది. మనుషులు, నీరు, ఇంధనం, గిన్నెలు, పుస్తకాలు, బట్టలు అన్నీ కలిసి ఆ పరిమితిని మించరాదు. మంచినీటికి ఒక తొట్టి, వాడిన నీటికి మరొకటి, మలినానికి ఇంకొకటి ఉంటాయి. ఏది ఎప్పుడు నిండుతుందో, ఎక్కడ ఖాళీ చేయాలో చూసుకుంటూ ఉండాలి. ముప్పై ఏళ్ల కాపురంలో చేరిన వస్తువులలో ఏది వెంట రావాలి, ఏది రాకూడదు అని ఒక్కొక్కదానినీ చేతిలోకి తీసుకొని తేల్చుకోవాలి.

అన్నింటికన్నా చిక్కైనది చిరునామా. ఇల్లు లేనివారికి డ్రైవింగ్ లైసెన్సు ఎలా? బీమా ఎలా? పన్ను ఏ రాష్ట్రానికి కట్టాలి? ఓటు ఎక్కడ వేయాలి? దీనికీ అక్కడ ఒక మార్గం ఏర్పడింది. సౌత్ డకోటా, టెక్సాస్, ఫ్లోరిడా వంటి రాష్ట్రాలలో ఇటువంటి సంచారుల ఉత్తరాలను అందుకొని, వారున్న చోటికి పంపే సంస్థలు ఉన్నాయి. వాటి ద్వారా ఒక చిరునామా సంపాదించుకొని వారు దేశమంతా తిరుగుతారు. అంటే, ఇంటిని వదులుకున్నవారు కూడా చిరునామాను వదులుకోలేదు.

అక్కడ కూడా అందరూ ఇష్టపడి బండి ఎక్కినవారు కారు. 2008 నాటి ఆర్థిక సంక్షోభంలో ఇళ్లు, పొదుపు సొమ్ము పోగొట్టుకున్న వృద్ధులు పలువురు వాహనాలలో తలదాచుకొని, కూలిపనులు వెతుక్కుంటూ ఊరూరా తిరిగారు. జెస్సికా బ్రూడర్ అనే పాత్రికేయురాలు 2017లో వెలువరించిన ‘నోమాడ్‌లాండ్’ వారిని గురించినదే. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలాంటి బళ్లు. ఒక బండిలో ఉన్నది కోరిక, మరొకదానిలో ఉన్నది గత్యంతరం లేనితనం.

ఈ తేడాను తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కరలేదు. విజయవాడ నుంచి గూడూరు వెళ్లే రైలుమార్గంలో, బాపట్లకు చీరాలకు నడుమ స్టూవర్టుపురం అనే చిన్న స్టేషన్ ఉన్నది. ఆ ఊరి పేరు వినగానే చాలామందికి 1991లో వచ్చిన ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ వంటి సినిమాలు గుర్తుకు వస్తాయి. ఆ ఊరి అసలు కథ దొంగతనాలతో ప్రారంభం కాలేదు. ఇల్లు వెంటబెట్టుకొని తిరిగే ఒక జాతి జనుల కథగా అది ప్రారంభమైనది.

ఎరుకలవారు ఒకనాడు సంచార వర్తకులు. వారిలోని తెగల పేర్లే ఆ సంగతి చెబుతాయి. ఉప్పు మోసుకెళ్లి అమ్మినవారు ఉప్పు ఎరుకలవారు, కరివేపాకు అమ్మినవారు కరివేపాకు ఎరుకలవారు, వెదురు దబ్బలతో బుట్టలు అల్లినవారు దబ్బ ఎరుకలవారు. సముద్రతీరంలో పండిన ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకొని లోతట్టు గ్రామాలకు చేర్చి, అక్కడి ధాన్యాన్ని బదులుగా తెచ్చేవారు. దారిలో బుట్టలు అల్లేవారు, వారి స్త్రీలు ఎరుక చెప్పేవారు. గాడిద మోయగలిగినంతే వారి సంసారం. వారికి బరువు పరిమితిని నిర్ణయించినది పశువు వీపు. ఏది అవసరం, ఏది అనవసరం అన్న వివేకం వారికి తరతరాలుగా వచ్చిన విద్య.

పందొమ్మిదవ శతాబ్దిలో ఆ జీవనాధారం ఒక్కొక్కటిగా తెగిపోయింది. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, పన్ను వచ్చిపడ్డాయి. రైళ్లు వచ్చి, పశువులు మోసే సరుకును లాగుకున్నాయి. అటవీ చట్టాలు మేతకు, వెదురుకు అడ్డుపడ్డాయి. 1876–78 నాటి మహా క్షామం మిగిలిన పశుసంపదను తుడిచిపెట్టింది. బతుకుతెరువు పోయిన ఆ సంచారులను ప్రభుత్వం అనుమానంతో చూసింది. 1871లో ఉత్తరాదిలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911 సవరణతో మద్రాసు రాజధానికీ వర్తించింది. ఆ చట్టం కింద ఒక వ్యక్తి చేసిన పనిని బట్టి కాక, అతడు పుట్టిన కులాన్ని బట్టి నేరస్థునిగా నమోదు చేయవచ్చును. వేలిముద్రలు తీసుకొని, హాజరు వేయించుకొని, అనుమతి చీటీ లేకుండా కదలరాదని శాసించవచ్చును.

ఆ చట్టం కింద 1913–14 కాలంలో, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో ఏర్పడిన ఎరుకల సెటిల్‌మెంటే స్టూవర్టుపురం. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. అక్కడివారికి ఇళ్లు, సాగుభూమి, బడి ఇచ్చారు. చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కర్మాగారంలో కూలిపని దొరికింది. పైకి చూస్తే ఇల్లు లేనివారికి ఇల్లు కలిగింది. కానీ ఆ ఇంటి గడప దాటడానికి అనుమతి కావలసివచ్చింది. పూర్వం వారికి గోడలు లేవు, దారి ఉన్నది. తరువాత గోడలు వచ్చాయి, దారి పోయింది.

అదే కాలంలో అక్కడికి కొద్ది మైళ్ల దూరంలో జరిగిన మరొక ఘటనను దీని పక్కన పెట్టి చూడండి. 1921లో చీరాల, పేరాల గ్రామాలను పురపాలక సంఘంగా మార్చి పన్నులు పెంచినందుకు నిరసనగా, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనులలో అత్యధికులు ఇళ్లు విడిచి ఊరి వెలుపలికి తరలిపోయారు. రామనగరం అని పేరు పెట్టుకొని, సుమారు 11 నెలలు తాటాకు పాకలలో కాపురముండిరి. ఎండకు, వానకు ఓర్చారు. చరిత్ర వారిని వీరులుగా కీర్తించింది, కీర్తించవలసినదే. అయితే ఆ 11 నెలలూ స్టూవర్టుపురం ఎరుకలవారు ఇళ్లలోనే ఉన్నారు, ఇల్లు విడిచే స్వేచ్ఛ లేక. పాకలో ఉన్నవారు స్వతంత్రులు, ఇంటిలో ఉన్నవారు బందీలు. కాబట్టి ఇంటికి గౌరవం తెచ్చేది దాని విస్తీర్ణం కాదు. అందులో ఉండాలా, విడిచి వెళ్లాలా, తిరిగి రావాలా అని నిర్ణయించుకునే హక్కు.

ఈ విషయంలో మన ధర్మశాస్త్రవేత్తల చర్చ ఒకటి గమనించదగినది. ప్రయాణికునికి నమాజును కుదించుకునే సౌలభ్యం, అంటే ఖస్ర్, ఉన్నది. మరి నిత్యం ప్రయాణంలోనే ఉండేవాని సంగతి ఏమిటి? 1223లో మరణించిన హంబలీ పండితుడు ఇబ్ను ఖుదామా తన ‘అల్ ముగ్నీ’లో ఓడ నడిపేవానిని గురించి దీనిని చర్చించారు. ఓడ తప్ప వేరే ఇల్లు లేక, భార్యాబిడ్డలు, పొయ్యి, అవసరమైన సామగ్రి సమస్తం అందులోనే ఉన్నవాడు ఇంటికి దూరమైనవాడు కాడనీ, కనుక అతనికి ఆ సౌలభ్యం లేదనీ ఆయన అభిప్రాయం. ఇమామ్ షాఫియీ అభిప్రాయం వేరు. ఆచరణ విషయంలో మీరు విశ్వసించే ఆలిమ్‌ను అడగండి. ఇక్కడ గ్రహించవలసినది ఆ ఆలోచనా ధోరణి. కదిలేదైనా, కుటుంబమూ పొయ్యీ ఉన్న చోటు ఇల్లే అని ఎనిమిది శతాబ్దాల నాడే ఒక పండితుడు అంగీకరించాడు. ఏడు వందల ఏళ్ల తరువాత వచ్చిన వలస చట్టం అదే కుటుంబాన్ని, అదే పొయ్యిని నేరానికి గుర్తుగా చూసింది.

ఇది ఎవరో పరాయివారి కథ అనుకోవడానికి వీలులేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2007 చట్టం ద్వారా ఏర్పడిన బి.సి.–ఇ జాబితాను చూడండి. అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, ఫకీరు సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్లు, కీలుగుర్రాలవాళ్లు అందులో కనిపిస్తారు. వీరిలో చాలామంది పెద్దలు ఊరూరా తిరిగి బతికినవారే. దూది ఏకే విల్లును భుజాన వేసుకొని వచ్చి మన పరుపులు కుట్టిన దూదేకులవారూ ఒకనాటి సంచారులే. మన సముదాయం సగర్వంగా చెప్పుకోవలసిన పనివారు వారు.

ఇక ఇంటి భారం తగ్గించుకోదలచిన దంపతులకు నాలుగు మాటలు. మొదటిది, ఇంటి యజమాని ఒక్కడే నిర్ణయం చేయరాదు. భార్య మహర్, ఆమె బంగారం, ఆమె పుట్టింటి పాత్రలు ఆమె సొత్తు. వాటిని ఇవ్వడం, అమ్మడం, ఉంచుకోవడం ఆమె ఇష్టం. వృద్ధురాలైన తల్లి ఉంటే ఆమె మంచం ఎక్కడ ఉండాలో మొదట ఆమెనే అడగాలి. రెండవది, పంచిపెట్టే ముందు ఇతరుల అమానతులను తిరిగి ఇచ్చి, అప్పులు తీర్చి, దస్తావేజులన్నీ ఒకచోట చేర్చాలి. వారసులు కానివారికి ఇవ్వదలచినది వీలునామాలో వ్రాస్తే, అది ఆస్తిలో మూడవ వంతు మించరాదన్న నియమాన్ని గుర్తుంచుకోవాలి.

మూడవది, తిరిగి వచ్చే దారి మూసివేయరాదు. ఒక్కసారిగా ఇల్లు అమ్మక, మూడు నెలలు రెండు గదులకు తాళం వేసి బతికి చూడండి. ఆ తరువాత ఏడాది అద్దెకు ఇచ్చి చూడండి. అప్పటికీ మనసు నిలకడగా ఉంటే అమ్మవచ్చును. నాలుగవది, సామాను తూచినట్లే బంధాలనూ తూచాలి. రాత్రివేళ తలుపు తట్టగలిగిన పొరుగువారు, పిలిస్తే వచ్చే వైద్యుడు, నడిచి వెళ్లగలిగిన మసీదు, సెలవులకు వచ్చే మనవల అల్లరి, ఇవి ఏ బండిలోనూ పట్టవు.

అటక మీది నుంచి దించిన వస్తువులు ఎవరికి చేరాలన్నది చివరి ప్రశ్న. చినిగినవి, విరిగినవి దానం అనిపించుకోవు. పనికివచ్చేవాటిని, కావలసినవారిని అడిగి ఇవ్వాలి. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకరని మనకు తెలుసు. మన ఊరి చివర గుడారాలు వేసుకున్న కుటుంబానికి దుప్పటి ఇవ్వడం మంచిదే. దానికన్నా విలువైనది మరొకటి ఉన్నది. అది చిరునామా. వారికి స్థిర నివాసం లేకపోయినా ఓటు హక్కు ఉన్నది. ఫారం 6లో వారు రాత్రిపూట నిద్రించే చోటును వ్రాస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వచ్చి చూసి ధ్రువీకరిస్తారు, అందుకు చిరునామా పత్రం అక్కరలేదని ఎన్నికల సంఘం నియమం చెబుతున్నది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ఏ బిడ్డకూ బడిలో ప్రవేశం నిరాకరించరాదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నది. ఈ రెండు సంగతులు వారికి తెలియజెప్పి, కార్యాలయం దాకా తోడు వెళ్లడానికి ఒక పూట చాలును.

1952 ఆగస్టు 31న నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయినది. చట్టం పోయినా చూపు మారలేదు. గుడారం కనబడగానే పిల్లలను లోపలికి పిలిచి తలుపు వేసుకునే ఇళ్లు నేటికీ ఉన్నాయి. పెద్ద వాహనంలో తిరిగే విశ్రాంత ఉద్యోగిని సాహసి అంటాము. గాడిద మీద సంసారం వేసుకొని తిరిగేవానిని దిమ్మరి అంటాము. ఇంటి భారం దించుకోదలచిన పాఠకులారా, సామానుతోపాటు ఆ మాటను కూడా దించివేయండి.